స్లిప్పులో ఎంత వచ్చింది?

పోయిన వారం ఆఫీసులో లంచ్ చేస్తూ మా టీం కుర్రాడికి ఫోన్లో ఫొటోలు చూపిస్తున్నా. సెప్టెంబర్లో ఇక్కడ మిచిగన్‌లోనే స్టాంటన్ అనే ఊరు వెళ్ళొచ్చినప్పటివి. మా వీధి చివర ఉండే పెద్దాయన దగ్గర 1970 బ్యూక్ జీఎస్ 455 స్టేజ్ 1 అని పాత అమెరికన్ కారు ఉంది, దాన్ని ట్రెయిలర్ మీద ఎక్కించుకుని ఏటా డ్రాగ్ రేస్‌కి, అంటే రెండు కార్లు పక్కపక్కన తిన్నగా పావు మైలు పరిగెత్తే పందేనికి, తీసుకెళ్తాడు, నేనూ వెనకాలే పోతున్నా, ఇది మూడో ఏడాది. కుర్రాడు పెరుగన్నం కలుపుకుంటూ "బాగుందన్నా, ఎంతలో కొట్టింది?" అన్నాడు. 13.2 సెకన్లు అన్నా. వాడు చెయ్యి ఆపి నా మొహంలోకి చూశాడు. "క్వార్టర్ మైలు 13నా? అన్నా, నాది 11ల్లో కొట్టేస్తది, అదీ ఏసీ వేసుకుని పాటలు పెట్టుకుని. మరి దీనికింత సీనెందుకు?"

వాడిది ఎలక్ట్రిక్ కారు. వాడు అన్నదాంట్లో తప్పేం లేదు. ఈ మాట పెద్దాయన దగ్గర అంటే నవ్వి ఊరుకుంటాడు, నాకే సర్రున లేచింది. ఏదో ఒకటి అనాలని "సౌండ్ రా, సౌండ్" అన్నా. అది ఎంత చెత్త సమాధానమో అన్న మరుక్షణమే అర్థమైంది. సౌండ్ కోసమే అయితే స్పీకర్లో పెట్టుకుని వినొచ్చు. అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది, అసలు సమాధానం ఏంటీ అని. ఇక్కడ రాసి వదిలించుకుందామని కూర్చున్నా.

నా సమాధానం మొదటే చెప్పేస్తా, తర్వాత దాన్ని నేనే పొడుచుకుంటా. ఆ పందెం వేగం గురించి కాదు. ఆ కార్ల గురించి అరవై ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన అంకెల్లో ఏది నిజమో తేల్చుకునే చోటు అది ఒక్కటే. కంపెనీ బ్రోచర్లో ఒకటి రాసింది, పత్రిక వాళ్ళు ఇంకోటి రాశారు, వేలంపాటలో దళారి మూడోది చెప్తాడు, కారు మాత్రం ఏ సంగతీ దాన్ని పరిగెత్తిస్తేనే చెప్తుంది.

కంపెనీ చెప్పిన మైలేజ్

మన వాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. బైక్ కొన్న ప్రతివాడినీ పక్కింటాయన అడిగే మొదటి ప్రశ్న "కంపెనీ మైలేజ్ ఎంత, నీకు ఎంత వస్తోంది?" ఆ రెండూ వేరని మనకి పుట్టుకతోనే తెలుసు. అమెరికాలో అరవైల్లో, డెబ్భైల మొదట్లో వచ్చిన పెద్ద ఇంజిన్ల కార్లు, మజిల్ కార్లు అంటారు, వాటి హార్స్‌పవర్ కూడా అచ్చం అంతే, కాకపోతే ఇక్కడ తమాషా ఏంటంటే అబద్ధం రెండు వైపులా ఆడారు. కొన్నిసార్లు ఎక్కువ చెప్పారు, కొన్నిసార్లు కావాలని తక్కువ చెప్పారు.

ఎక్కువ చెప్పడం తెలిసిందే. అప్పట్లో గ్రాస్ లెక్క, అంటే ఇంజిన్‌ని బల్ల మీద పెట్టి, ఎయిర్ ఫిల్టర్ లేదు, సైలెన్సర్ లేదు, ఆల్టర్నేటర్ తిప్పే పని లేదు, ఉత్తి ఇంజిన్ ఎంత కొడుతుందో అది. 1972 నుంచి నెట్ లెక్కకి మారాల్సి వచ్చింది, అంటే కార్లో అన్నీ బిగించి ఉన్నప్పుడు ఎంత అని. మధ్యలో 1971లో జనరల్ మోటార్స్ రెండూ పక్కపక్కనే అచ్చేసింది, కార్వెట్ అనే స్పోర్ట్స్ కార్లో పెట్టిన 454 ఇంజిన్ (ఈ అంకె ఇంజిన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో) గ్రాస్ 365, నెట్ 285. ఇంజిన్ అదే, బోల్టు కూడా మారలేదు, 80 గుర్రాలు కాగితం మీదే చచ్చిపోయాయి.

తక్కువ చెప్పడం ఇంకా రంజుగా ఉంటుంది. కార్వెట్‌లోనే ఎల్71 అని ఒక 427 ఇంజిన్, దానికి 435 అని రాశారు. దానికంటే చాలా బలమైన రేసు ఇంజిన్ ఎల్88, దానికి 430 అని రాశారు! నిజానికి అది 500 దాటుతుంది. అది రోడ్డు మీద తిరగడానికి చేసింది కాదు, 1967లో దాంతో రేడియో ఉండదు, హీటర్ ఉండదు, షోరూంకి వచ్చిన మామూలు మనిషి పెద్ద నంబర్ చూసి అదే కావాలని పట్టుబట్టకుండా ఐదు తగ్గించి రాశారన్నమాట. క్రైస్లర్ వాళ్ళ 426 స్ట్రీట్ హెమీ 1966 నుంచి 1971 దాకా వచ్చింది, మధ్యలో కామ్‌షాఫ్ట్ మారింది, ట్యాపెట్లు మారాయి, నంబర్ మాత్రం 425 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఫోర్డ్ 428 కోబ్రా జెట్ 1968లో 335 అన్నారు, ఆ ఏడాదే కాలిఫోర్నియా పొమోనాలో వింటర్‌నేషనల్స్ అనే పెద్ద డ్రాగ్ రేసులకి ముస్టాంగులు తీసుకెళ్ళి సూపర్ స్టాక్ విభాగం కొట్టుకొచ్చారు.

ఎందుకు తక్కువ చెప్పాలి అంటే రెండు కారణాలు. ఒకటి ఇన్సూరెన్స్ వాళ్ళు, కుర్రాడికి పెద్ద ఇంజిన్ కారుంటే ప్రీమియం వాచిపోయేది. రెండోది డ్రాగ్ రేసుల్లో క్లాసులు. కారు బరువుని కంపెనీ చెప్పిన హార్స్‌పవర్‌తో భాగిస్తే ఏ క్లాసులో పరిగెత్తాలో వస్తుంది, కాబట్టి హార్స్‌పవర్ తక్కువ రాస్తే బలహీనుల మధ్యకి వెళ్ళి కొట్టి రావచ్చు. మా పల్నాడులో బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు, అక్కడ రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని ఎద్దు పళ్ళని బట్టి విభాగాలు, పోటీకి ముందు నోరు తెరిచి చూస్తారు. ఇక్కడ కంపెనీయే ఎద్దు పళ్ళు దాచిపెట్టింది. అందుకే అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ వాళ్ళు కొన్నాళ్ళకి కంపెనీ మాట పక్కనపెట్టి, ట్రాక్ మీద చూసిందాన్ని బట్టి వాళ్ళ సొంత నంబర్ వేయడం మొదలెట్టారు.

రెండు అంకెలు

డ్రాగ్ స్ట్రిప్‌లో పరుగు అయ్యాక వెనక్కి వచ్చే దారిలో చిన్న గుమటీ ఉంటుంది, అక్కడ ఆగితే చేతిలో చీటీ పెడతారు, సూపర్ మార్కెట్ బిల్లులాంటి కాగితం. దాన్నే స్లిప్పు అంటారు. దాని మీద బోలెడు అంకెలుంటాయి గానీ అసలైనవి రెండు. 1,320 అడుగులు దాటడానికి పట్టిన సమయం, చివర్లో ఉన్న వేగం.

మొదట్లో నేను సమయం ఒక్కటే చూసేవాణ్ణి. పెద్దాయన నాకు నేర్పింది ఏంటంటే సమయం డ్రైవర్ సంగతి చెప్తుంది, వేగం ఇంజిన్ సంగతి చెప్తుంది. లైను దగ్గర టైర్లు జారి సెకనులో రెండు మూడు పదోవంతులు పోగొట్టుకున్నా చివరి వేగం పెద్దగా తగ్గదు, ఇంజిన్ తన పని తను చేస్తూనే ఉంటుంది కదా. ఈ ఏడాది ఆయన మొదటి రౌండ్లో 13.2 కొట్టాడు, గంటకి 104 మైళ్ళ చిల్లర వేగం. మూడో రౌండ్లో 13.4, కానీ వేగం ముందుకంటే అర మైలు ఎక్కువ. మధ్యాహ్నం నుంచి మబ్బేసి గాలి చల్లబడింది, ఇంజిన్ ఇంకా బాగా లాగింది, ఆయన కాలే తొందరపడింది. స్లిప్పు చూసి "నా తప్పే" అని జేబులో పెట్టుకున్నాడు.

దీంట్లో ఒక చిన్న లెక్క ఉంది, రేసుల వాళ్ళందరికీ నోటికి వచ్చిందే. చివరి వేగాన్ని 234తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి (అదే అంకెని మూడుసార్లు వేసి గుణించి), దాన్ని డ్రైవర్‌తో కలిపి కారు బరువుతో గుణిస్తే ఇంజిన్ దాదాపు ఎంత హార్స్‌పవర్ ఇచ్చిందో వస్తుంది. ఉజ్జాయింపు లెక్కే, కానీ బాగానే పనిచేస్తుంది. 1970లో మోటార్ ట్రెండ్ పత్రిక స్టేజ్ 1 బ్యూక్‌ని పరిగెత్తించి 13.38 సెకన్లు, 105.5 మైళ్ళు అని రాసింది. మనిషితో కలిపి 4,000 పౌండ్లు వేసుకుంటే 367 వస్తుంది. బ్యూక్ వాళ్ళు చెప్పింది 360. ఓహో నిజమే చెప్పారు అనుకోకండి, 360 అన్నది గ్రాస్, లెక్కలో వచ్చిన 367 అన్నీ బిగించుకుని రోడ్డు మీద పరిగెత్తినప్పటిది. అంటే బల్ల మీద పెడితే 360ని ఎప్పుడో దాటిపోవాలి. డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు కొనే కారని పేరున్న బ్యూక్ ఇంత గడుసుదని నేను అనుకోలేదు.

ఇప్పుడు ఇంకో లెక్క. 1964లో కార్ అండ్ డ్రైవర్ పత్రిక పాంటియాక్ జీటీఓని ఫెరారీ జీటీఓతో పోల్చి పెద్ద వ్యాసం వేసింది, మొత్తం ఈ మజిల్ కారు పిచ్చికి అగ్గిపుల్ల గీసింది అదే అంటారు. అందులో పాంటియాక్ క్వార్టర్ మైలు 13.1 సెకన్లు, 115 మైళ్ళు. కంపెనీ లెక్కలో ఆ కారు 389 ఇంజిన్, 348 గుర్రాలు. మనిషితో కలిపి 3,600 పౌండ్లే అనుకున్నా లెక్క వేస్తే 427 దగ్గర తేలుతోంది. ఇదెక్కడిదండీ? పాంటియాక్ ప్రచారం అంతా తన భుజాల మీద మోసిన జిమ్ వాంగర్స్ చాలా ఏళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు, పత్రిక వాళ్ళకిచ్చిన కార్లో ఉన్నది 389 కాదు, 421 అని. పై నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఆయన ఒప్పుకోకపోయినా ఆ 115 అన్న అంకె మొదట్నుంచీ అక్కడే కూర్చుని అరుస్తోంది, వినేవాళ్ళు లేరంతే.

అందుకే నాకు స్టాంటన్ అంటే అంత ఇష్టం. గ్రాండ్ రాపిడ్స్‌కి ఈశాన్యాన చిన్న ఊరు, చుట్టూ పొలాలు, మేముండే నోవై నుంచి ట్రెయిలర్‌తో పోతే రెండు గంటల పైనే. అక్కడి మిడ్ మిచిగన్ మోటార్‌ప్లెక్స్‌లో తొంభైల నుంచి ఏటా ప్యూర్ స్టాక్ పందేలు జరుగుతున్నాయి. కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. ఇంజిన్ పొగ బయటికి పోవడానికి హెడర్లు అనే రేసు గొట్టాలు కుదరవు, కంపెనీ ఇచ్చిన కాస్ట్ ఐరన్ మానిఫోల్డే ఉండాలి, రేసు టైర్లు కుదరవు, అప్పటి సైజు సన్న టైర్లే. మొదటి రోజు అందరూ పరిగెత్తి టైం తెచ్చుకుంటారు, రెండో రోజు దగ్గర దగ్గర టైం ఉన్నవాళ్ళని జత కడతారు, మూడింట్లో రెండు గెలిచినవాడు గెలిచినట్టు. అంటే అక్కడ అందరికంటే ఫాస్ట్ ఎవరు అన్న ప్రశ్నకి పెద్ద విలువ లేదు. 14 సెకన్ల కారుకి 14 సెకన్ల జోడీ దొరుకుతుంది, 12 సెకన్ల కారుకి అలాంటిదే.

ఆ సన్న టైర్ల సంగతి కొంచెం చెప్పాలి. పెద్ద రేసుల్లో లాగా నీళ్ళ మడుగులో టైర్లు తిప్పి పొగ లేపడాలు ఇక్కడ కనపడవు, గాడులున్న టైర్లు నీళ్ళు పట్టుకొస్తాయని పక్క నుంచి తిప్పుకుని వస్తారు. లైను దగ్గర రేజింగ్ ఇచ్చి ఒక్కసారి వదిలితే అయిపోయింది, 510 పౌండ్ అడుగుల టార్క్ ఆ టైర్లని అక్కడే గిరగిరా తిప్పేస్తుంది, కారు కదలదు. పెద్దాయన ఐడిల్ కంటే కొంచెం పైన పెట్టి, గుడ్డు మీద కాలు వేసినట్టు తొక్కుతాడు, రెండో గేరు పడ్డాకే పూర్తిగా నేలకి అదుముతాడు. రౌండ్‌కి రౌండ్‌కి మధ్య ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద ఐస్ సంచులు పెడతాం, ఆ డ్యూటీ నాదే. ఐస్ కరిగి నీళ్ళు కాళ్ళ మీద పడుతుంటే బానెట్ తెరుచుకుని ఆ ఎర్ర రంగు ఇంజిన్ వైపు చూస్తూ నిలబడటం, ఇంటికొస్తే బట్టలకి పెట్రోల్ వాసన అని మా ఆవిడ గరాజ్‌లోనే షర్టు విప్పించడం.

నా వ్యాన్ ఇచ్చిన సాక్ష్యం

నేను కూడా ఒకసారి పరిగెత్తా. నవ్వొద్దు, మా ఇంట్లో వ్యాన్‌తో. స్ట్రిప్పుల్లో కొన్ని సాయంత్రాలు ఎవరి కారైనా తెచ్చుకుని పరిగెత్తొచ్చు, 13.99లో గానీ అంతకంటే తొందరగా గానీ పోతేనే హెల్మెట్ కావాలి, నాకు ఆ సమస్య రాదని లోపలికి పంపినాయన చూడగానే చెప్పేశాడు. వెనక సీట్లో పిల్లల కార్ సీట్లు తీసి పార్కింగ్‌లో గడ్డి మీద పెట్టి వెళ్ళా.

లైను దగ్గర ఆ లైట్ల స్తంభం ఉంటుంది కదా, క్రిస్మస్ ట్రీ అంటారు, మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో దిగుతాయి, తర్వాత పచ్చది. నేను పచ్చది చూసి, అవును పచ్చదే అని నిర్ధారించుకుని, అప్పుడు తొక్కా. స్లిప్పులో రియాక్షన్ 1.1 అని వచ్చింది. పక్క లేన్లో కుర్రాడు అప్పటికి సగం ఊరు దాటాడు. కానీ నా సమయం 16.4, అది మాత్రం నిజమైన 16.4, ఎందుకంటే గడియారం పచ్చ లైటు పడ్డప్పుడు కాదు, నా చక్రం కదిలినప్పుడు మొదలవుతుంది. నేను అక్కడ కూర్చుని కాఫీ తాగి బయల్దేరినా అదే 16.4. నా మొద్దుతనం ఒక గడిలో, నా వ్యాన్ సత్తా ఇంకో గడిలో, విడివిడిగా రాసిచ్చారు. జీవితంలో ఇంత న్యాయమైన మార్కుల లిస్టు నాకెప్పుడూ రాలేదు.

అప్పుడే ఇంకోటి కూడా తెలిసింది. చక్రం లైను దగ్గర కిరణాన్ని పూర్తిగా దాటేదాకా గడియారం మొదలవదు, అంటే కారు దాదాపు అడుగు దూరం ఫ్రీగా పోతుంది. రోలౌట్ అంటారు. ఇప్పటి కార్ల ప్రకటనల్లో 0 నుంచి 60కి ఇంత అని రాసి పక్కన చుక్క పెట్టి, కింద చిన్న అక్షరాల్లో మొదటి అడుగు తీసేసి లెక్కేశాం అని రాస్తారు చూడండి, అది ఇక్కణ్ణుంచే వచ్చింది. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ 1.99 కూడా అలా చుక్కతో వచ్చిందే. ఇది మా కుర్రాడికి చెప్పాలి, 2020ల్లో కూడా బ్రోచర్ బ్రోచరే.

దుప్పటి కింద ఇంజిన్

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి.

పెద్దాయన గరాజ్‌లో మూలన ఒక స్టాండు మీద దుప్పటి కప్పి ఏదో ఉండేది. రెండేళ్ళు నేను అడగలేదు. మొన్న ఏప్రిల్లో ఏదో సాయం చేస్తుంటే దుప్పటి జారింది, చూస్తే ఇంకో 455. అదే ఆ కారుతో పుట్టిన ఇంజిన్, దాని మీద నంబరు కారు నంబరుతో కలిసేది. మరి కార్లో ఉన్నది? అదే ఏడాది వేరే బ్యూక్ నుంచి తీసిన బ్లాక్. పందెంలో కనెక్టింగ్ రాడ్ బ్లాక్ చీల్చుకుని బయటికొస్తే కారు విలువ సగానికి పడిపోతుంది, అందుకని అసలుది దాచిపెట్టి దీంతో పరిగెత్తిస్తున్నాడు.

నాకు కొంచెం మోసపోయినట్టు అనిపించింది, నిజం చెప్పాలంటే. మరి ఇన్నాళ్ళూ ఆ స్లిప్పు ఎవరిది? "నిజం చెప్పించడం" అని నేను ఇంత కథ అల్లుకున్నా కదా, సాక్షి స్థానంలో వేరేవాడు నిలబడి చెప్తున్నాడు. ఆయనతో అంటే పెద్దగా బాధపడలేదు. "అదే పోత, అదే కామ్, అదే హెడ్లు, బ్యూక్ ఫ్యాక్టరీకి తెలియని తేడా నీకెందుకు?" అన్నాడు. ఆయన నలభై ఏళ్ళు టూల్ అండ్ డై షాపులో పనిచేసిన మనిషి, ఒకే డ్రాయింగ్‌కి చేసిన రెండు వస్తువులు ఆయనకి ఒకటే. నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు.

దుప్పటితో మొదలైన అనుమానం అక్కడితో ఆగలేదు. అసలు "ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు" అనే మాటే ఒక కట్టుకథ కదా. 1970లో లైను మీద హడావిడిగా బిగించిన ఇంజిన్‌కీ, ఈయన చలికాలం అంతా కూర్చుని ప్రతి రింగు గ్యాపూ కొలిచి, ప్రతి పిస్టన్ తూచి బిగించినదానికీ పోలికేంటి? యాభై ఏళ్ళ ఇంజిన్‌కి బోర్ చేయించక తప్పదు, చేయించేటప్పుడు బాగా చేయిస్తారు. నూనె మారింది, ప్లగ్గులు మారాయి, ట్రాక్ మీద టైరు పట్టు కోసం రాసే గమ్ము మారింది. ఒకే కారుని ముప్పై ఏళ్ళుగా తోలుతున్నవాడి కాలు 1970లో పత్రిక టెస్ట్ డ్రైవర్ కాలు కంటే వెయ్యి రెట్లు ఎక్కువగా ఆ కారుని ఎరుగును. అక్కడ నేను చూసేది 1970 కాదు, 1970 తన శాయశక్తులా ఎంత చేయగలిగేదో అది.

దీనికంటే ముందుకెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఫ్యాక్టరీ అపియరింగ్ స్టాక్ టైర్ అని ఇంకో రకం పందేలు, పై నుంచి చూడ్డానికి స్టాక్‌గా ఉంటే చాలు, సన్న టైర్లు ఉంటే చాలు, లోపల ఇంజిన్‌లో ఏం చేసుకున్నా వాళ్ళిష్టం. 10 సెకన్లు, అంతకంటే తక్కువ కూడా కొడతారు ఆ టైర్ల మీద, ఆ నైపుణ్యానికి దండం పెట్టాల్సిందే. కానీ నా మనసు అటు పోదు. ఆ స్లిప్పు ఆ మెకానిక్ గురించి చెప్తుంది, ఆ కారు గురించి ఏమీ చెప్పదు. అయితే పెద్దాయన బ్యూక్‌కీ వాటికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలో అడిగితే నేను గట్టిగా చెప్పలేను. తూచిన పిస్టన్ దగ్గరా? దుప్పటి దగ్గరా?

అయినా సరే పరిగెత్తించడమే మేలు అంటాను. రెండో దారి ఏంటో చూశాం కదా. ప్లిమత్ వాళ్ళ 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ ఆ ఏడాది మొత్తం చేసినవి 11, వాటిలో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్ల దగ్గర సుత్తి పడింది. దాన్ని ఎవడు లైను మీదకి తెస్తాడు? తేడు, తేవాలని నేను అననూ అనను. కానీ అలాంటి కారు గురించి ఎవరేం చెప్పినా వినడం తప్ప చేయగలిగింది లేదు. తాళం వేసిన బీరువాలో పట్టుచీరలాంటిది, జరీ నిజమో కాదో కట్టినప్పుడు కదా తెలిసేది.

ఎవరి జ్ఞాపకాలు

ఇంకో ఇబ్బంది ఉంది, ఇది కార్ల గురించి కాదు, నా గురించి. ఇవి నా జ్ఞాపకాలు కావు. మా నాన్న అంబాసిడర్ ట్యాక్సీ ఎక్కడమే గొప్ప. ప్రతి ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అని పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995లో మొదలైంది, ఆ వారం అంతా దగ్గర్లో ట్రాయ్‌లో ఉండే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ట్రాఫిక్ గురించి తిట్లే తిట్లు. రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చునే ఆ పెద్దవాళ్ళు అరవైల్లో అదే రోడ్డు మీద సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పందేలు వేసినవాళ్ళు. కంపెనీ ఇంజినీర్లే రాత్రిపూట బయటికి రాని కార్లు తెచ్చి అక్కడ పరీక్షించేవాళ్ళని పెద్దాయన చెప్తుంటే కళ్ళు మెరుస్తాయి.

ఆ వుడ్‌వర్డ్ దక్షిణం వైపు పోతే డెట్రాయిట్ ఊళ్ళోకి పోతుంది. 1967 జూలైలో అక్కడికి దగ్గర్లోనే మొదలైన అల్లర్లలో 43 మంది చనిపోయారు. అదే వేసవిలో ఉత్తరాన కుర్రాళ్ళు జీటీఓలు వేసుకుని హ్యాంబర్గర్లు తింటూ తిరుగుతున్నారు. ఈ రెండు వేసవులూ ఒకటే అని నాకు అర్థమైనప్పుడు ఆ మడత కుర్చీల నాస్టాల్జియా అంత తియ్యగా అనిపించలేదు. పెద్దాయనని ఒకసారి అడిగా. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "మాకు పొగ కనపడేది" అన్నాడు. అంతే, కార్బురేటర్ వైపు తిరిగిపోయాడు.

రోడ్డు పందేల గురించి నాకు ఎలాంటి జాలీ లేదు, ఇక్కడైనా మన దగ్గర రోడ్ల మీద బైకులతో అయినా. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టిందే ఈ పిచ్చిని రోడ్డు మీద నుంచి స్ట్రిప్ మీదకి తేవడానికి. ఆ స్ట్రిప్పులే ఇప్పుడు ఒక్కోటీ పోతున్నాయి, న్యూజెర్సీలో ఇంగ్లిష్‌టౌన్ 2018లో డ్రాగ్ రేసులు ఆపేసింది, అట్లాంటా 2021, కొలరాడోలో బాండిమియర్ 2023. భూమి రేటు పెరిగింది, పక్కన కొత్త ఇళ్ళు లేచాయి, కొత్తగా వచ్చినవాళ్ళు సౌండ్ గురించి కంప్లయింట్లు. మన వాళ్ళు కూడా ఆ కొత్త ఇళ్ళలో ఉంటారు, ఒప్పుకోవాలి. పొగ గురించి అంటారా, ఏడాదికి ఓ పదిహేను సార్లు పావు మైలు పరిగెత్తే కారు తాగే పెట్రోల్, దాన్ని మోసుకెళ్ళే ట్రక్కు తాగేదాని ముందు చాలా తక్కువ. ట్రక్కు మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మళ్ళీ కుర్రాడి దగ్గరికి

నిన్న వాడికి ఇదంతా చెప్పా, 115 మైళ్ళ లెక్కతో సహా. వాడు తలూపుతూ విన్నాడు, ఫోన్ తీసి కాలిక్యులేటర్లో తన కారు బరువు, ఎవరో యూట్యూబ్‌లో పెట్టిన చివరి వేగం వేసి చూశాడు. వచ్చిన అంకెకీ కంపెనీ చెప్పినదానికీ తేడా ఉంది. రెండోసారి వేశాడు. అదే వచ్చింది. అది పెట్రోల్ ఇంజిన్ల కోసం పుట్టిన లెక్క, మోటారుకి అతికినట్టు సరిపోకపోవచ్చు అని నేనే సర్దిచెప్పా.

"అసలు నా కారు ఎంత కొడుతుందో నేనెప్పుడూ చూడలేదన్నా" అన్నాడు. 11 అని వాడు ఎక్కడో చదివాడట.

స్ట్రిప్పులు అక్టోబర్ దాటితే మూసేస్తారు, ఇక మళ్ళీ వసంతంలోనే. 11ల్లో కొట్టే కారుకి హెల్మెట్ కావాలని చెప్పా. ఈరోజు పొద్దున ఏది కొనాలని లింకులు పంపాడు, నాలుగు, అన్నీ ఖరీదైనవే. పెద్దాయన దగ్గర పాతది ఒకటుంది, సైజు అడిగి చెప్తానన్నా.